దుకాణం మూసిన మూడో రోజు

కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లలకు రాస్తున్నాను. చేరగానే మీకు ఒక రిజిస్టరు ఇస్తారు, తర్వాత ఒక కుర్చీ, ఇంకెప్పుడో ఒక ఫ్యాను. వాటి సంగతి మీరే చూసుకోండి. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో నాకే సరిగ్గా గుర్తులేదు, మీకెందుకు? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఒకే జిల్లాలో ఉన్నప్పుడు చేరాను. మూడు జిల్లాలయ్యాక దిగిపోయాను. ఉద్యోగం పేరు మానసిక ఆరోగ్య సలహాదారు. ఊళ్లలో పేరు పిచ్చి దవాఖాన మేడమ్. రెండో పేరుతో పిలిస్తేనే తొందరగా పలికేదాన్ని.

ఈ పనిలో నేను చేసిన మంచి గురించి ఎవరైనా సభ పెట్టి చెప్పే ఉంటారు. చేసిన తప్పు గురించి నేనే చెప్పాలి. అది ఒక్కటే అయితే అదృష్టవంతురాలిని. మీకు పనికొచ్చేది మాత్రం ఒక్కటి ఉంది.

గొలుసు బేరం

వనపర్తి బజారులో మాది ఇనుప సామాన్ల దుకాణం. పలుగులు, పారలు, బొక్కెనలు, పశువుల గొలుసులు. బడి సెలవుల్లో నాయన నన్ను గుమ్మం దగ్గర కూచోబెట్టేవాడు. "నువ్వు కూసుంటే గిరాకి ఉత్తచేతుల పోడే. కొంటేగాని నీ నోరు మూతవడదని కొంటడు" అనేవాడు. అది మెప్పో తిట్టో ఆ వయసులో తెలియలేదు. ఇప్పుడు తెలుసు. రెండూ.

నాకు పన్నెండేళ్లప్పుడు ఒక పెద్దామె గొలుసు కావాలని వచ్చింది.

"ఎద్దుకా, బర్రెకా అవ్వా?" అన్నాను.

ఆమె వేలాడుతున్న గొలుసుల్ని ఒక్కొక్కటీ తడిమింది. "ఒరుసుకపోనిది ఉన్నదా బిడ్డా? కాలికి కట్టాలె."

"దూడకా?"

"కొడుక్కు."

నేను నోరు మూసుకున్నాను అని రాస్తే బాగుండేది. మూసుకోలేదు. "అట్లయితే పొడుగుది తీస్కో అవ్వా, వాకిట్లకొచ్చి కూసుంటడు" అని రెండు మూరలు ఎక్కువ అంటగట్టాను. నాయన ఆ సంగతి విన్నాడు. గొలుసుల గుత్తిని గుమ్మం మీంచి తీసి లోపలి గోడకు మార్చాడు. ఆ పూట అన్నం దగ్గర కూచోలేదు.

తర్వాత ఈ ఉద్యోగంలో ఊళ్లు తిరుగుతున్నప్పుడు, ఏ ఇంటి వెనక అయినా గొలుసు కదిలిన చప్పుడు వినపడితే ముందు దాని పొడుగు చూసేదాన్ని. వాకిలి దాకా వస్తుందా లేదా అని. మీకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం ఆ ఇంటివాళ్ల మనసు ఆ పొడుగులో తెలిసేది. పొట్టి గొలుసు కట్టినవాళ్లు రాక్షసులు కారు. వాళ్లకు మన గది ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు, అంతే.

ఎవరూ రాని గది

మొదట్లో దవాఖానలో మాకొక గది ఇచ్చి బోర్డు పెట్టారు. మానసిక చికిత్స, మత్తు విముక్తి విభాగం. గది ఎదురుగా నల్లా ఉండేది. బోర్డు పెట్టిన వారానికి జనం ఆ నల్లా దగ్గర నీళ్లు తాగడం కూడా మానేశారు. గిరాకి లేకుండా కూచోవడం మా వంశంలో లేదు. కుర్చీ ఎత్తుకుపోయి బీపీ, షుగరు చూసే వరస పక్కన వేసుకున్నాను.

బజారులో పలుగు కావలసినవాడు ముందు బొక్కెన ధర అడుగుతాడు. ఇక్కడా అంతే. నాగర్‌కర్నూలు వైపు నుంచి ఒకామె తలనొప్పి అని వచ్చింది. రెండోసారి నడుము నొప్పి అంది. మూడోసారి నిద్ర అంది. నాలుగోసారి ఏమీ అనకుండా కూచుంది. "చచ్చిపోవాలని అనిపిస్తుందా అక్కా?" అని అడిగాను. ఆమె, "బాయి కాడికి పోతే కాళ్లు అటే గుంజుతున్నయ్ మేడమ్. నేను పోతలే, కాళ్లే పోతున్నయ్" అంది. అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మీకు ఎవరో చెబుతారు. పుట్టదు. ఉన్నదానికి బయటికి దారి దొరుకుతుంది. ఆ పూటే ఆమె చెల్లెలిని పిలిపించి తోడు ఉంచి, డాక్టరుకు చూపించాం. ఇప్పుడామె మనవరాలిని బడికి దింపి వస్తూ మా వరండాలో కాసేపు కూచుని పోతుంది.

సాయం అనేది గదిలో ఉండదు. ఊరికి ముందు వెళ్లేది ఆశా కార్యకర్త, ఆమెను పట్టుకోండి. చర్చి పాస్టరును, దర్గా ముజావరును, సూది వేసే ఊరి డాక్టరును, బస్టాండు చాయ్ దుకాణం ఆయనను పట్టుకోండి. ఎవరింట్లో ఎవరు నిద్రపోవడం లేదో వాళ్లకు మీకంటే ముందు తెలుస్తుంది. నేను ఎవరినీ దర్గాకు పోవద్దనలేదు. "పోండ్రి, తాయెత్తు కట్టించుకోండ్రి, వచ్చేటప్పుడు మా కాడ గోలీలు తీస్కపోండ్రి" అనేదాన్ని. రెండు దుకాణాలు పక్కపక్కనే ఉంటే గిరాకి పెరుగుతుందే కానీ తగ్గదు.

మా పెద్ద డాక్టరు వారానికొకసారి వచ్చేవారు. మాట్లాడితే అరిగిపోతాననుకునే మనిషి. నా బేరాలు ఆయనకు నచ్చేవి కావు. ఒకసారి, "నువ్వు ఎవరినైనా ఒప్పిస్తావమ్మా. నాకు భయం అదే" అన్నారు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకున్నాను. ఆయన నిజంగానే భయపడుతున్నారని అర్థం కావడానికి నాకు ఒక ఊరు ఖర్చయింది.

నేను గెలిచిన బేరం

ఇటిక్యాల దారిలో ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊరి ఆశా కార్యకర్త చెన్నమ్మ పట్టుబట్టి నన్ను తీసుకుపోయింది.

మా వైపు కల్లంటే చెట్టు నుంచి దిగిన కల్లని అనుకునేరు. ఊర్లో చెట్లెన్ని, దుకాణంలో సీసాలెన్ని అని చూస్తే ఆ రెండింటికీ పొత్తు కుదరదు. నీళ్లు, తీపి, నురగ, అందులో నిద్రమాత్రల మందు. ఆ ఊర్లో మగవాళ్లే కాదు, కలుపుకు పోయే ఆడవాళ్లు పొద్దున్నే ఒక సీసా తాగి పోయేవారు. చంటిపిల్ల ఏడవకుండా పడుకోవాలని చెంచాతో పట్టేవారు. తాగితే తూలరు, అరవరు. ఊరంతా మెల్లగా, మర్యాదగా, సగం కళ్లు మూసుకుని తిరుగుతూ ఉంటుంది.

బొడ్రాయి దగ్గర జనాన్ని కూడగట్టాం. ఊరికి బొడ్డులాంటి రాయి అది, ఊరి పెద్ద మాటలన్నీ దాని ముందే. పెద్దమనిషి తిమ్మప్ప నెమ్మదస్తుడు. చెన్నమ్మ చెప్పినదంతా విని నావైపు తిరిగాడు.

"మంచిదే తల్లీ. గాని ఒక్కపారే బందంటే ఎట్ల? ముందుగాల పొద్దుగాలది ఇడిపిస్త. మాపటిది ఉండనీయుండ్రి. పీర్ల పండుగ దాంక గట్ల నడవని. ఆ తర్వాత సీసాల సగం చేద్దం."

నాలోని అంగడి పిల్ల లేచి కూచుంది. "సగం పాము ఇంట్ల ఉంటే నిద్ర పడ్తదా పెద్దాయనా?" అన్నాను. ఆడవాళ్లు నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. చప్పట్లు విన్నాక నేను ఆగే మనిషిని కాదు. ఆయన ఒక మెట్టు దిగి వచ్చినప్పుడల్లా నేను రెండు మెట్లు దింపాను. చివరికి తిమ్మప్ప చేతులు జోడించి, "నీ బేరం గట్టిది తల్లీ. నేను ఓడిపోయిన" అన్నాడు.

కల్లు దుకాణం ఆ రోజే మూయించారు. ఇంటికొకరు వచ్చి బొడ్రాయి మీద చెంబెడు నీళ్లు పోసి, రాయి ముట్టి ఒట్టు వేశారు. ఆ ఒట్టు తప్పితే చెడు తప్పినవాడికి రాదట, ఊరికి వస్తుందట. అందుకని పక్క ఊరికి పోయి తాగే దారి కూడా మూసుకుపోయింది. ఇంత పకడ్బందీ ఒట్టు దొరికినందుకు నేను మురిసిపోయాను. తిరిగి వస్తూ బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నాను. డాక్టరుకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఆయన వద్దంటారేమోనని.

తిమ్మప్ప అడిగిందే సరైన వైద్యం. మత్తుమందుకు అలవాటైన ఒంటిని మెట్టు మెట్టుగా దింపాలి, డాక్టరు చేతి కింద దింపాలి. ఒక్కసారిగా తోస్తే అది కింద పడుతుంది. ఆ సంగతి నేను శిక్షణలో విన్నాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అయినా ఆ ముసలాయన నోట వచ్చిన వైద్యాన్ని బేరమాడి వెనక్కి కొట్టాను.

మిట్టమధ్యాహ్నం

మూడో రోజు చెన్నమ్మ ఫోను చేసింది.

"మేడమ్, జర జల్ది రాండ్రి. ఊరంత దారం గుంజుతుండ్రు."

"ఏ దారం?"

"అదే తెల్వదు మేడమ్. నాకు కనిపిస్తలేదు."

నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ తెల్లగా ఉంది. అట్లాంటి పూట ఊర్లో ఒక దగ్గు వినపడుతుంది, ఒక తిట్టు వినపడుతుంది, రేడియో వినపడుతుంది. ఆ రోజు ఏమీ లేదు. జనం మాత్రం ఉన్నారు. ప్రతి అరుగు మీదా ఉన్నారు. ఎడమచేతి వేళ్ల సందులోంచి కుడిచేత్తో ఏదో సన్నగా పట్టుకుని, తెగకుండా, ఓపికగా లాగుతున్నారు. లాగినదాన్ని మోకాలికి చుడుతున్నారు. మళ్లీ లాగుతున్నారు. ఒకామె తన నోట్లోంచి లాగుతోంది. పక్కనున్నామె ఆ కొస అందుకుని సాయం పడుతోంది. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. అందరి చేతులూ వణుకుతున్నాయి, కానీ అందరూ ఒకే పని చేస్తున్నారు. పెళ్లి ఇంట్లో వంటకు కూచున్నట్టు ఉంది.

తిమ్మప్ప తన గడప ముందు కూచుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"రా తల్లీ. ఆడ చూసి అడుగెయ్యి. అడ్డం ఉన్నది. తెగితే మళ్ల ముడి పడదు."

నేను కాలెత్తి దాటాను. ఉత్త నేల. అయినా చీరె కుచ్చిళ్లు పైకి పట్టుకుని మరీ దాటాను. ఎందుకు దాటానో అప్పుడూ తెలియదు. వెనక్కి తిరిగి చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు.

డాక్టరుకు ఫోను చేశాను.

"ఎవరు ఆపమన్నారు?" అన్నారు.

"నేనే సార్."

 ఆయన చాలా మామూలుగా చెప్పారు. మూర్ఛ వచ్చినవాళ్లు, మనిషిని గుర్తుపట్టనివాళ్లు, చంటిపిల్లలు ముందు దవాఖానకు. మిగతావాళ్లను నీడలో పెట్టు, ఒంటరిగా వదలకు, వాళ్లతో వాదించకు. అంబులెన్సులు పంపిస్తున్నాను, నేనూ వస్తున్నాను.

ఫోను పెట్టేలోపే చెన్నమ్మ నా చేయి పట్టి లాగింది. "ఆ పని నేను చూస్త మేడమ్. మీరు ముందు దేవమ్మ ఇంటికాడికి నడువుండ్రి. ఆమెను సంపేటట్టున్నరు."

చేతులు

దేవమ్మ భర్తతో బొంబాయికి వలసపోయి, అక్కడ కట్టడాల పని చేసి, భర్త పోయాక ఒంటరిగా తిరిగి వచ్చిన మనిషి. పోయిన చోట ఈ కల్లు దొరకక ఆమెకు అలవాటు ఎప్పుడో వదిలింది. ఊరికొచ్చాక నేతగాళ్ల కోసం కండెలకు నూలు చుట్టి బతుకుతోంది. రోజంతా ఇంట్లో రాట్నం, దారం.

ఊరంతా లేని దారం లాగుతుంటే, ఇంట్లో నిజమైన దారం ఉన్న మనిషి ఒక్కతే. చేతులు వణకని మనిషి కూడా ఆమే. లెక్క తేలిపోయింది. బాణామతి చేసింది అన్నారు.

తలుపుకు బయటినుంచి గొలుసు వేసి ఉంది. పశువుల గొలుసు, మా దుకాణంలో అమ్మే రకం. నిలబడగలిగినవాళ్లంతా ఆ వాకిట్లో ఉన్నారు. ముందు హన్మంతు, తిమ్మప్ప తమ్ముడి కొడుకు, చేతిలో పట్టకారు. ఎద్దుల గిట్టలకు కొట్టిన నాడాలు పీకేది. బాణామతి చేసినవాళ్ల పళ్లు పీకితే మంత్రం నోట పలకదని మా వైపు ఒక నమ్మకం. ఆ పట్టకారు దేనికో నాకు ఎవరూ చెప్పక్కరలేకపోయింది.

తలుపు లోపలినుంచి రాట్నం చప్పుడు వస్తోంది. కిర్రు, కిర్రు, టక్. ఆగి మళ్లీ కిర్రు, కిర్రు, టక్. ఇంత గోలలో లోపల కూచుని పని చేసుకుంటోందా అనుకున్నాను.

చెప్పాను. కల్లు ఆపినందుకు వచ్చిన జబ్బిది, మందుంది, డాక్టరు వస్తున్నాడు అని గొంతు పోయేదాకా చెప్పాను.

"గట్లయితే దేవమ్మకెందుకు రాలే?" అన్నాడు హన్మంతు.

"ఆమె తాగదు కాబట్టి."

"తాగనోళ్లు ఊర్ల ఎవరున్నరు మేడమ్? తాగదంటేనే తెలుస్తలేదా, ఏదో పని ఉండే తాగలే." నాలుకలు తడబడుతున్నా అందరూ అవునన్నారు.  జీవితంలో మొదటిసారి గిరాకి ముందు మాట పడిపోయింది.

మాట పడిపోయినప్పుడు దుకాణంవాడు చేతులు చూస్తాడు. మొహం అబద్ధం చెబుతుంది, సంచి పట్టుకున్న చేయి చెప్పదు. చూశాను. అన్ని చేతులూ వణుకుతున్నాయి. ఒక ముసలామె హన్మంతుకు నీళ్లిచ్చింది, సగం ఒలకబోసి. అతను ఆ గ్లాసు అందుకుని నిదానంగా తాగాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

"తమ్ముడా, జర ఇటు రా" అని పక్కకు పిలిచాను. గోడ చాటున నెమ్మదిగా అడిగాను. "ఏ ఊరికి పోయి తాగొస్తున్నవ్?"

మనిషి తెల్లబోయాడు. "గట్టిగ అనకక్కా. ఇంటే నన్ను ఈడనే బొందపెడ్తరు. నా ఒట్టు తప్పుతోనే ఊరికి గిట్లయింది. నాకు తెలుసక్కా."

అప్పుడు చూశాను, అతను ఎంత భయపడుతున్నాడో. ఈ దారమంతా తనే లాగించాడని అతను నిజంగా నమ్ముతున్నాడు. దేవమ్మ మీదికి తోయకపోతే అది తన మెడకు చుట్టుకుంటుంది.

"తలుపు తియ్యి. నేను నోరు మూసుకుంట" అన్నాను.

"ఆమెను ఊర్ల ఉంచొద్దు. నీ ఎంబడి తీస్కపో."

"సరే."

మొదటి ధరకే ఒప్పుకున్నాను. నా జన్మలో అట్లా ఎప్పుడూ చేయలేదు. అతను వాకిట్లోకి వచ్చి, "దవాఖానోళ్లు ఈమెను తీస్కపోతరు, మంత్రం కట్టు ఆడ ఇప్పుతరు" అని చెప్పి గొలుసు తీశాడు. కట్టు అన్న మాటకు నేను కాదనలేదు. దేవమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూడలేదు. అంబులెన్సులో ఆమె కూచుంటే, మూర్ఛ వచ్చి తేరుకున్నవాళ్లు కూడా ఆమెకు దూరంగా జరిగిపోయారు.

డాక్టరు వచ్చాక ఇంకొక చిక్కు. గోలీ ఇస్తే ఎవరూ మింగరు. మత్తు ముట్టబోమని ఒట్టు వేశారు కదా, గోలీ కూడా ఆ జాతి మందే. ఆయన నావైపు చూసి, "ఇప్పుడు చెయ్యమ్మా నీ బేరం" అన్నారు. అంతకంటే పెద్ద తిట్టు నేను వినలేదు. బొడ్రాయి దగ్గరికి పోయి చెంబెడు నీళ్లు పోసి, రాయి ముట్టి, ఒట్టు వేయించింది నేను, తప్పు నాది, వచ్చేదేదో నా మీదికి రానియ్యి అన్నాను. నమ్మి అన్నానా, నాటకమా అని అడగకండి. రాయి మాత్రం ఆ ఎండలో చల్లగా ఉంది. తిమ్మప్ప నన్ను చూస్తూ మొదటి గోలీ మింగాడు. తర్వాత మిగతావాళ్లు.

ఎవరూ చనిపోలేదు. అది డాక్టరు గొప్ప, నాది కాదు. కొన్ని వారాల పాటు గోలీ తగ్గించుకుంటూ వచ్చారు, అచ్చం తిమ్మప్ప మొదట అడిగినట్టే. దారం పోయింది.

గోలీ మీద బేరం లేదు

ఊరు మాత్రం వేరే లెక్క కట్టుకుంది. దేవమ్మ పోయింది, దారం పోయింది. నా మౌనం ఆ లెక్కకు సాక్ష్యం అయింది. దేవమ్మ అమరచింతలో ఎవరో బంధువుల పంచన చేరిందని తెలిసి, ఆ మాట విని ఊరుకున్నాను. ప్రాణం దక్కింది కదా అనుకున్నాను. మన పనిలో ఆ మాట దగ్గర ఆగిపోవడం చాలా సుఖంగా ఉంటుంది, జాగ్రత్త.

కొన్ని నెలలకు హన్మంతు మా వరండాకు వచ్చాడు. తనూ మానేస్తానన్నాడు. నాకు లోపల పాత బుద్ధి లేచింది. ముందు పోయి బొడ్రాయి కాడ నిజం చెప్పు, అప్పుడు గోలీ అందామనుకున్నాను. డాక్టరుకు చెప్పాను, ఈసారి ముందే చెప్పాను.

"మందు మీద బేరం పెట్టకమ్మా" అన్నారు ఆయన. "అడిగినవాడికి ఇవ్వాలి. ఎట్లాంటివాడని చూడొద్దు."

ఇచ్చాం. వారం వారం వచ్చాడు. నేను ఒక్కసారి కూడా దేవమ్మ పేరు ఎత్తలేదు. నాలుక కొరుక్కుని కూచున్నాను, చెన్నమ్మ సాక్షి. అతని మందు పూర్తయిన తర్వాత ఒక రోజు చెన్నమ్మే ఫోను చేసి చెప్పింది. హన్మంతు తనంతట తానే ఊరిని కూడగట్టి, ఒట్టు తప్పానని చెప్పుకున్నాడట.

"కొట్టారా?"

"లే మేడమ్. తిమ్మప్ప తాత లేచి నిలవడ్డడు. తాగిన హన్మంతుకు రాలే, తాగని దేవమ్మకు రాలే, ఆపినోళ్లకే వచ్చింది, గింత సంగతి మనకెందుకు తట్టలే అన్నడు."

నేను గొంతు చించుకుని చెప్పినప్పుడు ఎక్కని మాట, ఆ ముసలాయన నోట ఊరికి ఎక్కింది. తర్వాత ఊరి ఆడవాళ్లు నలుగురు చీరె, పండ్లు పట్టుకుని దేవమ్మను పిలుచుకు రావడానికి అమరచింత పోయారు. ఆమె వాళ్లకు నీళ్లిచ్చింది, చీరె తీసుకుంది, రానంది.

అమరచింతలో

ఉద్యోగం దిగిపోయాక నేనే పోయాను. ఎందుకు రానందో అడగాలని. ఒప్పించి పంపిద్దామని కూడా ఉంది, దాచడం ఎందుకు.

చిన్న గది. దేవమ్మ రాట్నం ముందు కూచుని కండెలు చుడుతోంది. నన్ను చూసి పీట వేసింది కానీ చెయ్యి ఆపలేదు. కిర్రు, కిర్రు, టక్.

"హన్మంతు తాగొస్తున్నడని నీకు తెలుసా?" అన్నాను.

"తెల్వకేం మేడమ్. ఆ రెండు దినాలు పొద్దుగాల నా ఇంటి ముంగలికెల్లే పోతుండె."

"మరి ఆనాడు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నన్నిడిచి వాన్ని సంపుతుండిరి. వానికి పిల్లలున్నరు." దారం కొస వేలితో చూసుకుని మళ్లీ తిప్పింది.

నేను ఊరి సంగతి ఎత్తాను. అందరూ బాగయ్యారు, తప్పు తెలుసుకున్నారు, తిమ్మప్ప రోజూ నిన్ను అడుగుతున్నాడు అని వరసగా చెప్పుకుపోయాను. పాత దుకాణం నోరు.

ఆమె అంతా విన్నది. "అందరికీ నయమైంది మేడమ్. మంచిదే. నాకెవ్వరు గోలీ ఇయ్యలే" అంది.

ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. వణికినవాళ్లందరి పేర్లూ ఆ రోజు కాగితం మీద రాసుకున్నాను. చేతులు వణకలేదని ఒక్క పేరు రాయలేదు. పొద్దున్నుంచి చీకటి గదిలో, బయట పట్టకారు చప్పుడు వింటూ కూచున్న మనిషిని నేను అడగవలసిన మాట ఒకటి ఉంది. నిద్ర పడుతుందా అని. అందరినీ అడిగేదాన్ని. ఈమెను అడగలేదు.

"నిద్ర పడుతుందా దేవమ్మా?" అని ఇప్పుడు అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అంత భయంలో కూడా లోపల రాట్నం తిప్పుతూనే ఉన్నావు. నేను బయట నిలబడి విన్నాను" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆమె నా వైపు నేరుగా చూడటం అదే మొదటిసారి.

"రాట్నం యాడిది మేడమ్? నన్ను లోపలేసే ముంగటే దాన్ని వాకిట్ల కాలవెట్టిండ్రు కదా."

ఆ వాకిట్లో నల్లటి మసి కుప్ప ఒకటి ఉన్నట్టు గుర్తు. పొయ్యి బూడిద అనుకుని దాటాను.

"నేను విన్నాను దేవమ్మా" అన్నాను. "కిర్రు, కిర్రు, టక్ అని. ఆగి ఆగి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకు కూడా చెప్పలేదు."

"మీకు గూడ ఇనపడ్డదా?" ఆమె ముందుకు వంగింది. "లోపల కూసుని ఇన్న మేడమ్. ఇప్పటికీ కన్ను మూస్తే అదే. అందుకే పొద్దంత దీన్ని తిప్పుత, ఇది తిప్పుతుంటే అది ఇనపడదని. నేనొక్కదాన్నే అనుకుంటి. నాకే పిచ్చి లేసింది అనుకుంటి."

నేను ఆ చప్పుడుకు కారణం చెప్పలేదు. భయపడ్డ చెవి ఏమేం వింటుందో నాకు చదువు ఉంది, అదంతా చెప్పవచ్చు. డాక్టరు వచ్చే రోజు నేను తోడు వస్తానని, ఇద్దరం చూపించుకుందామని మాత్రం చెప్పాను. 

"మీరు గూడ గోలీ మింగుతరా?"

"డాక్టరు ఇస్తే మింగుతా."

"అట్లయితే వస్త."

ఈ ఒక్క బేరంలో నేను ధర చెప్పలేదు, ఆమే చెప్పింది.

అప్పుడామె చెయ్యి తీసింది. రాట్నం ఇంకొక చుట్టు తనంతట తాను తిరిగి ఆగింది. గదిలో ఎండ పడుతోంది. ఇద్దరం కదలకుండా, చెవి ఒగ్గి కూచున్నాం.

ఏమీ వినపడలేదు.